తలుపు రంగు గిటార్

మా మేనత్త కొడుకు, నాకు బావ వరస, కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద హోటల్ నడుపుతాడు. దాని గోడల నిండా పాత సామాన్లే. రోకళ్లు, లాంతర్లు, జల్లెడలు, ఎవరి ఇంటి నుంచో ఊడబెరికిన దర్వాజాలు. అందులో ఒక్కటీ తన పని తాను చేయదు. విసుర్రాయి మీద ఫోన్లు చార్జింగుకు పెడతారు. వడ్లు కొలిచే కుంచంలో చేతులు తుడుచుకునే కాగితాలు కుక్కుతారు. బిర్యానీ తినడానికి వచ్చినవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగి, పాతకాలం ఎంత బాగుండేదో అని నిట్టూరుస్తారు. ఆ కాలంలో విసుర్రాయి తిప్పి అరచేతులు కాయలు కాసిన మా అత్త అదే బిల్డింగులో మేడ మీద గదిలో ఉంటుంది. ఆమెతో ఫొటో దిగాలని ఇంతవరకు ఎవరికీ అనిపించలేదు.

ఆ హోటలంటే నాకు మొదటి నుంచీ రోత. అయినా మొన్న ఎండాకాలం బావ ఫోన్ చేస్తే వెళ్లాను.

"టీచరమ్మా, జర వచ్చిపో. మా బాపు గిటార్ సజ్జ మీద దొరికింది. దాని రంగు కింద పాలిష్ ఏ కాలందో నువ్వే చెప్పాలె. ఇన్నేండ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవ్ గదా, ఇయ్యాల మాకు జెప్పు" అన్నాడు.

నేను కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. చుట్టాలకు నా చదువు రెండింటికే గుర్తొస్తుంది. చీర మీద మరక పోనప్పుడు, ఇదిగో, ఇలాంటప్పుడు.

గిటార్‌ను భోజనాల బల్ల మీద పేపరు పరిచి పెట్టారు. పక్కనే కోసిన ఉల్లిగడ్డల ప్లేటు. గిటార్‌కు ముదురు గోధుమ రంగు ఎనామిల్ పెయింటు దట్టంగా ఉంది. బ్రష్ వెంట్రుకలు కూడా ఆ పెయింటులోనే ఎండిపోయి ఉన్నాయి. తీగల్లో ఒక్కటే మిగిలింది, అదీ తుప్పు పట్టి. బల్ల మీద కొంచెం వంచగానే గుండ్రటి రంధ్రంలో నుంచి బొద్దింకల రెక్కలు, ఎలుక పెంటికలు, కొరికిన గుడ్డపేలికలు, పగిలిన బల్లి గుడ్ల పెంకులు జలజల రాలాయి. వాటి వెనకాలే వాసన వచ్చింది. మూసిన ట్రంకు పెట్టెలో తడి బట్ట మగ్గిన వాసన, మీద ఎలుక ఉచ్చ వాసన. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. బావ మాత్రం ఆ చెత్తను అరచేత్తో పక్కకు తోసి, అదే చేత్తో ఒక ఉల్లిగడ్డ ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"గిది మామూలు గిటార్ గాదు. దొర గిటార్" అన్నాడు నములుతూ.

ఆ మాట వినగానే నాకు చెవులు మండాయి. ఎందుకో చెప్పాలంటే బావ తండ్రి, మా మామ గురించి చెప్పాలి.

మా మామది లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. బొగ్గుబాయిలో పని. బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన డ్యూటీ. కర్ర మీద చెయ్యి వేస్తే అది ఎంత బరువు మోస్తుందో చెప్పేవాడని బాయిలో పేరుండేది. కాలనీలో వాళ్లకు ఒక గది, ఒక వంటిల్లు ఉన్న క్వార్టర్ ఇచ్చారు. చిన్నప్పుడు ఎండాకాలం, దసరా సెలవులకు నేను అక్కడికే వెళ్లేదాన్ని. ఆ రోజుల్లో ఒకసారి మామ వారం సెలవుకు ఊరికి పోయి, గొంగడిలో చుట్టి ఈ గిటార్ తెచ్చాడు. వాళ్ల అన్న పశువుల కొట్టంలో కూర్చుని, చాలా నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా పోయి, తానే చేశానన్నాడు. దొరల క్లబ్బని అందరూ పిలిచే ఆఫీసర్ల క్లబ్బులో వార్షికోత్సవానికి పందిరి వెయ్యడానికి పోయినప్పుడు అక్కడొక గిటార్‌ను చూశాడట. జానలతో, బెత్తెలతో కొలుచుకుని, ఆ కొలతలు మనసులో పెట్టుకుని వచ్చాడట. తీగలు, వాటిని బిగించే చెవులు మాత్రం నాగపూర్‌లో కొన్నాడు. వాయించడం ఎవరూ నేర్పలేదు. రేడియోలో విన్న పాటను వెతుక్కుంటూ వెతుక్కుంటూ వాయించేవాడు. పాట దొరికినప్పుడు మెడ కొంచెం పక్కకు వాల్చేవాడు. నాకు ఆ మెడ ఇప్పటికీ గుర్తుంది.

ఇక రంగు సంగతి. కంపెనీ కొన్నేళ్లకొకసారి క్వార్టర్ల తలుపులకు రంగు వేయించేది. ఆ ఏడాది దసరా ముందర పెయింటర్లు వచ్చి కాలనీ మొత్తానికి ఆకుపచ్చ కొట్టారు. డబ్బాల అడుగున మిగిలిన రంగు కోసం ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడేవారు. ఆ రంగు పారెయ్యడమంటే అన్నం పారేసినంత పాపం. అందుకే మా కాలనీలో తలుపు ఏ రంగో పీట అదే రంగు, ట్రంకు పెట్టె అదే రంగు, మంచం కోళ్లు అదే రంగు. పక్క క్వార్టర్ ఆమె మేకకు కొమ్ములు కూడా వదిలిపెట్టలేదు. మా అత్త ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాక చుట్టూ చూస్తే గోడకు గిటార్ కనిపించింది. పండుగకు ముచ్చటగా ఉంటుందని దానికీ పూసింది. మామ డ్యూటీ దిగి, ఒళ్లంతా బొగ్గుతో, తెల్లటి కళ్లతో వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. అంతే. రంగు మందంతో గిటార్ గొంతు సగం మూసుకుపోయింది. అయినా ఆమెను ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో క్లబ్బులో గిటార్ పోయిందని గోల లేచింది. కాలనీ మొత్తం మీద గిటార్ ఉన్న క్వార్టర్ ఒక్కటే. వాచ్‌మెన్లు వచ్చి గిటార్‌ను, మామను కలిపి క్లబ్బుకు తీసుకుపోయారు. నేను అత్త కొంగు పట్టుకుని వెనకే పోయాను. క్లబ్బు సెక్రటరీ అడిగినవి రెండే ప్రశ్నలు. నీదే అయితే కనిపించకుండా రంగెందుకు వేశావు? నువ్వే చేస్తే చెక్క ఎక్కడిది? మొదటిదానికి మామ, ఇంట్లో ఆడమనిషి వేసిందన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్ల ఇళ్లలో ఆకుపచ్చ మంచాల మీద పడుకుని, ఆకుపచ్చ పీటల మీద కూర్చునే మనుషులు అట్లా నవ్వారు. రెండోదానికి మామ నోరు విప్పలేదు. అత్త కొంగు చాటు నుంచి "చెప్పు, చెప్పు" అని గొణుగుతూనే ఉంది. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు.

రుజువు లేదని వదిలేశారు గానీ మనిషిని నిజంగా వదల్లేదు. ఆ రోజు నుంచి ఆయన కాలనీకి గిటార్ దొంగ. నీళ్ల పంపు దగ్గర, జీతాల వరుసలో, పెళ్లి భోజనాల్లో, ఎక్కడ చూసినా అదే పేరు. ఆయన మళ్లీ దాన్ని ముట్టలేదు. తలుపు వెనక మేకుకు తగిలించాడు. అదే పేరుతో పోయాడు కూడా. తమ్ముడే చేశాడని చెప్పగలిగిన అన్న కూడా తర్వాత పోయాడు. ఎలాగూ అన్న మాటను, పెళ్లాం మాటను సాక్ష్యమని ఎవరు ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆ మామ కన్నకొడుకు ఉల్లిగడ్డ నములుతూ దొర గిటార్ అంటున్నాడు.

"దొరదైతే మీ బాపు దొంగ అయితడు. గది సోయి ఉన్నదా నీకు?" అన్నాను.

"అబ్బ, ఎప్పటి ముచ్చటో. ఇప్పుడు ఎవలు పట్టించుకుంటరు? దొర దగ్గర్నించి కొట్టేసిండంటే గదొక కథ. గిరాకీకి కథ గావాలె" అన్నాడు.

కథ సిద్ధంగానే ఉంది. గ్రానైట్ వ్యాపారం చేసే ఒక స్నేహితుడు ఫోన్లో వీడియోలు చూసి, పాత విలాయతీ గిటార్ అయితే రంగు కింద అసలు పాలిష్ చెడగొట్టొద్దని, దాంట్లోనే విలువంతా ఉందని చెప్పాడట. బజారులో వాయిద్యాల దుకాణం ఆయన వచ్చి, తీగలు లేని గిటార్‌ను వేళ్లతో టకటక కొట్టి, కళ్లు మూసుకుని, ఇంపోర్టెడ్ సౌండ్ అని తేల్చాడట. పుచ్చకాయ కొనేటప్పుడు కూడా మనం ఇంతకంటే ఎక్కువ సందేహిస్తాం. ఆయనే లోపలికి టార్చి కొట్టి, దుమ్ము కింద ఇంగ్లీషు అక్షరాలున్నాయని చూపించాడట. ఇంగ్లీషు అక్షరాలుంటే ఇంగ్లండుదేనట. ఆ లెక్కన మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ కూడా రాణిగారిదే. బావ అప్పుడే ఇత్తడి బోర్డు చేయించి పెట్టాడు. దాని మీద 'దొరగారి గిటార్' అని పెద్ద అక్షరాలు. తండ్రి ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఆ మెరిసే బోర్డును చూస్తే నాకు బొద్దింక రెక్కలను చూసినప్పటి కంటే ఎక్కువ ఓకరింపు వచ్చింది.

వెళ్లిపోదామని లేచాను. మెట్ల దగ్గర అత్త నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో కిందికి దిగడమే మానేసిన మనిషి. అన్నీ వింది. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"బిడ్డా, నువ్వు చూడు. రంగు కింద ఏమున్నదో చూసి నాకు చెప్పు."

"అత్తా, మామ చేసిందే. అందులో చూసేదేముంది?"

"ఆయన చేస్తుంటే నేను చూడలే" అంది. "చేసిన అన్నడు, నమ్మిన. గని ఆ దినం చెక్క యాడిదంటే నోరెందుకు తెరవలే? ఇంటికొచ్చినంక అడిగిన. అప్పుడూ చెప్పలే. అన్నం తినుకుంట గోడ దిక్కు చూసిండు. గప్పటిసంది నా కడుపుల ముల్లు ఉండిపోయింది. నేను రంగు పుయ్యకపోతే ఆయనకు గా పేరు రాకపోవు. గదొకటి. దొంగదైతే దొంగదే అని చెప్పు, నేనేం ఏడ్వ. నాకు ఎరుకగావాలె, గంతే."

కాలనీ వాళ్లు అనుమానించారని తెలుసు. ఈమె కూడా ఇన్నేళ్లు అనుమానిస్తూ, అనుమానించినందుకు తనను తాను తిట్టుకుంటూ బతికిందని నాకు తెలియదు. నేను మళ్లీ వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. బావ సంబరపడ్డాడు. తన బోర్డు కోసమే అనుకున్నాడు.

ఇంటికి మనిషిని పంపి స్పిరిట్, థిన్నర్, దూది, కొత్త బ్లేడ్లు, భూతద్దం తెప్పించాను. హోటల్ వెనక గిన్నెలు కడిగే చోట పని మొదలుపెట్టాను. ఒక పక్క మాడిన నూనె డబ్బాలు, ఇంకో పక్క కోడి ఈకల బస్తా. ఈగలు నా మీదకూ దాని మీదకూ మార్చి మార్చి వాలుతున్నాయి. ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలి చెత్తంతా దులిపాను. ఎలుక గూటిలో ఒక పిల్ల ఎండిపోయి, కాగితంలా అయ్యి, దూదికి అంటుకుని వచ్చింది. అక్కడే గోడ పక్కకు పోయి కక్కుకుని, నోరు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాను.

పని చెప్పడానికి తేలిక. ఫ్యాక్టరీలో తయారైన గిటార్ ఏదైనా చెక్క మీద సన్నటి గాజులాంటి పూత ఉండి తీరాలి. పాతవాటికి లక్క పాలిష్ ఉంటుంది. అది స్పిరిట్ తగిలితే జిగటగా కరుగుతుంది. తర్వాత కాలం వాటికి లాకర్ అనే పారదర్శకమైన వార్నిష్ ఉంటుంది. అది స్పిరిట్‌కు లొంగదు, థిన్నర్‌కు కరుగుతుంది. కాబట్టి తలుపు రంగుకూ చెక్కకూ మధ్య అలాంటి పూత ఉంటే అది క్లబ్బుదే. లేకపోతే అది ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు.

గిటార్ అడుగు భాగాన, ఎవరి కంటా పడని చోట, బ్లేడుతో ఏటవాలుగా గీకాను. పైన గోధుమ రంగు. అది బావ పనే. ఆయన పెళ్లి ముందర కాలనీ తలుపులు గోధుమ రంగుకు మారాయి. మిగిలిన రంగు దీనికీ పూశాడు. దాని కింద ఆకుపచ్చ కనిపించింది. అది మా అత్త దసరా. ఆ పచ్చ కింద ఏముందోనని భూతద్దం పెట్టి చూస్తే, చెక్క అంచున తేనె రంగులో సన్నటి మెరుపు కనిపించింది.

తేనె రంగు మెరుపంటే లక్కే. అంటే మామ దొంగే. మేడ మీదికి పోయి ఆ ముసలామెకు ఏమని చెప్పాలి? అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. ఆమె ముఖం గుర్తొచ్చి అదీ చేతకాదనిపించింది. సరే కానీ అని దూదిని స్పిరిట్‌లో ముంచి అద్దాను. కరగలేదు. థిన్నర్ అద్దాను. కరగలేదు. ఇదేం పూత? అప్పుడు తట్టింది. టీ మాస్టరును అడిగి వేడి నీళ్లు తెప్పించి ఒక చుక్క వేశాను. కాసేపటికి అది మెత్తబడి వేలికి అంటింది. వాసన చూశాను. పశువుల గిట్టలు ఉడికించిన కంపు. వడ్రంగులు ఆ రోజుల్లో వాడిన జిగురు. రెండు చెక్కలు అతికించిన చోట బిగించినప్పుడు బయటికి ఉబికి, తుడవకుండా వదిలేసిన జిగురు. చేత్తో చేసేవాడు వదిలేస్తాడు. ఆ రోజు నేను పీల్చిన అన్ని కంపుల్లో నాకు నచ్చింది అదొక్కటే. మళ్లీ మళ్లీ వాసన చూస్తుంటే గిన్నెలు కడిగే ఆమె నన్ను వింతగా చూసింది.

ఇంకో నాలుగు చోట్ల గీకాను. ఎక్కడా మధ్యలో పూత లేదు. ఆకుపచ్చ రంగు నేరుగా చెక్క నరాల్లోకి దిగిపోయి ఉంది. మామ దానికి నూనె తప్ప ఏమీ రాయలేదు.

ఇక ఆ ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. ఫోన్ లైటు వేసి, బావ గడ్డం గీసుకునే చిన్న అద్దం రంధ్రంలో నుంచి లోపలికి దించాను. పైచెక్క లోపలి వైపు తడిగుడ్డతో తుడిచిన కొద్దీ నల్లటి అచ్చు బయటపడింది. తలకిందులుగా ఉంది. ఒక బాణం గుర్తు, ఈ వైపు పైకి ఉంచాలన్న మాట, దాని పక్కన సగానికి కోసేసిన 'డేంజర్', కింద పేలుడు పదార్థం అన్న ఇంగ్లీషు మాటలో చివరి అక్షరాలు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బాయిలో బొగ్గు పేల్చే మందు చెక్క డబ్బాల్లో వచ్చేది. మెత్తటి, తేలికైన, తెల్లటి చెక్క. ఖాళీ అయిన డబ్బాలు కంపెనీ సొత్తు. వాటిని బయటికి తేవడం తప్పు. తేని ఇల్లు లేదు. కాలనీలో అల్మారాలు, దేవుని పీటలు, కోళ్ల గూళ్లు, పిల్లల్ని ఊపే తొట్టెలలు, అన్నీ ఆ డబ్బాల చెక్కవే. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. వాచ్‌మెన్ల ముందు చెక్క యాడిదని అడిగితే మామ ఏం చెప్తాడు? మందు డబ్బాలవని చెప్తే గిటార్ దొంగతనం పోయి డబ్బాల దొంగతనం మెడకు పడేది. ఉద్యోగం ఉండేది కాదు. క్వార్టర్ ఉండేది కాదు. ఆ రోజు చుట్టూ నిలబడి నవ్విన వాళ్లలో ఒక్కరైనా, మా ఇంట్లో కూడా ఆ చెక్కే ఉంది, ఇది వీడు చేసిందే అని మనసులోనైనా అనుకుని ఉండరా? అనుకునే ఉంటారు. అనుకుని నవ్వారు. నాకు ఆ మనుషుల మీద ఇప్పుడు కొత్తగా అసహ్యం పుట్టింది. చాలామంది చచ్చిపోయారు కూడా. అయినా పుట్టింది.

గిటార్‌ను హాల్లోకి తీసుకుపోయి, అత్తను కిందికి దింపి కూర్చోబెట్టి, అద్దంలో చూపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ బాణం గుర్తు చూడగానే చెయ్యి నోటి మీద పెట్టుకుంది. ఆ గుర్తున్న చెక్కల మధ్య ఇరవై ఏళ్లకు పైగా వంట చేసింది మరి.

"మందు డబ్బ" అంది. "గందుకా నోరు తెరవలే" అంది. "నాకన్న చెప్పకపాయె. నేను యాడన్న నోరు జారుతనని చెప్పలే. జారుదును గూడ."

బావ కూడా అద్దంలో తొంగి చూశాడు. ముఖం వాడిపోయింది. ఇంగ్లండు పోయి మందు డబ్బా వచ్చింది మరి. అంతలోనే తేరుకుని పళ్లు ఇకిలించాడు.

"అయితే డబ్బాలు ఎత్తుకొచ్చిండన్న మాట. ఏదన్నగాని దొంగతనమే గదా" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లోపల ఏమున్నదో ఎవలు చూస్తరు? బోర్డు ఎట్లున్నదో అట్లనే ఉండని. నువ్వు జర సైలెంటుగ ఉండు."

ఆ క్షణంలో నాకు కలిగినదాన్ని కోపం అనలేను. కోపంలో కనీసం ఎదుటి మనిషి మీద ఆశ ఉంటుంది. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. పొద్దున రాలిన చెత్తంతా తిరిగి నా మీదికి పాకినట్టనిపించింది. తండ్రి దొంగ కాదని తేలితే నష్టపోయే కొడుకును నేను అంతకు ముందు చూడలేదు.

అత్త గొంతు పెంచలేదు. "నువ్వు పండిన తొట్టెల గూడ గా డబ్బలదే" అంది కొడుకుతో. "నువ్వు ఏడ్సినప్పుడల్లా గా బాణం గుర్తు మీద చెయ్యి వెట్టి ఊపేది మీ బాపు. గప్పుడు దొంగ అనవడలేదా?"

బావ ఏదో అనబోయి ఫోన్ చూసుకున్నాడు. అప్పటికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. బల్లలు నిండుతున్నాయి. బిర్యానీ ప్లేట్లు వస్తున్నాయి. అత్త నా చేతిలో ఉన్న థిన్నర్ సీసా వైపు చూసింది.

"రంగు దీనితోని పోతదా?"

"పోతుంది. కానీ కంపు కొడుతుంది. రేపు నేను తీసిపెడతాలే అత్తా."

"నేనేసిన రంగు. నేనే తీస్త."

హాలు మధ్యలో, ఒక బల్ల దగ్గర, గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుడ్డను థిన్నర్‌లో ముంచి రుద్దడం మొదలుపెట్టింది. గోధుమ రంగు ముడతలు పడి, బురదలా ముద్దకట్టింది. ఆమె దాన్ని అన్నం చెంచాతో గీకి, ఆ బల్ల మీదే పెట్టి ఉన్న ఇత్తడి బోర్డు మీద పడేసింది. గీకుడు చెత్త వేయడానికి చేతికి అదే అందింది. థిన్నర్ ఘాటు హాలంతా కమ్ముకుంది. బిర్యానీ తినేవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఒక జంట లేచి వెళ్లిపోయింది. బావ పరుగెత్తుకొచ్చి తల్లిని బతిమాలాడు.

"అవ్వా, గిరాకీ ఉన్నది. మీదికి పోయి చేసుకో అవ్వా. నీకు దండం పెడత."

ఆమె తలెత్తలేదు. గోధుమ రంగు కింద నుంచి ఆకుపచ్చ వచ్చింది. ఆ పచ్చను చూసి చెయ్యి కొంచెం ఆగింది. మళ్లీ గుడ్డ ముంచి, ఇంకా గట్టిగా రుద్దింది. అరచేయి వెడల్పున పచ్చ కూడా పోయి, ఆ ఎండిన, లేత, తెల్లటి చెక్క బయటపడింది. దాని మీద చిత్రిక పట్టిన సన్నటి గీతలున్నాయి. ఆమె ఆ గీతల మీద వేళ్లు పెట్టి అటూ ఇటూ రాసింది. నేను తల తిప్పుకున్నాను.

పక్క బల్ల దగ్గర ఫ్యామిలీతో వచ్చిన ఒక పెద్దమనిషి కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగాడు. "ఎవలిది అవ్వా గా గిటారు? చానా పాతదున్నట్టున్నది."

అత్త చెంచాతో కౌంటర్ దగ్గర నిలబడ్డ కొడుకును చూపించింది.

"గీని బాపు చేసిండు" అని, మళ్లీ గీకడం మొదలుపెట్టింది.